జోడు చూడటం నేర్పిన పెద్దనాయినకు

ఈ ఏటి శ్రీరంగనాయకస్వామి జాతర మా ఇంటికి రెండు పండుగలను తెచ్చింది. మా పెద్దనాయిన తన సొంత కాడి ఎద్దులతో బండలాగుడు బరిలోకి తొలిసారి దిగి ఈ ఫాల్గుణానికి యాభై ఏళ్లు నిండాయి. ఊరివాళ్లు సన్మానం చేస్తామని ఇంటికి వస్తే, "గుంజింది ఎద్దులు, నాకెందుకయ్యా శాలువా" అన్నాడట. ఎద్దుల తరఫున మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ఉద్యోగం కోసం దూరాన ఉన్న కొన్నేళ్లు తప్ప, ఆ యాభై ఏళ్లూ తాడు ఇవతల నిలబడి చూసినవాణ్ని నేను. అందుకే ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాది అనుకుంటున్నాను.

మొదటి ఏడు నాకు పదేళ్లు. మా నాయిన భుజాల మీద కూర్చున్నాను. ఒక పక్క రంగసముద్రం చెరువు నీళ్లు, ఆ నీళ్లలో వనపర్తి రాజులు కట్టించిన గుడి గోపురం నీడ, ఇంకో పక్క దున్ని చదును చేసిన నేల. తెల్లవారకముందే చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు వచ్చి చేరాయి. చింతచెట్ల కింద ఎద్దులు నెమరు వేస్తున్నాయి. కొమ్ములకు రంగులు, మెడలో మువ్వల పట్టీలు, వీపు మీద పసుపు, కుంకుమ. పెద్దనాయిన జత పేరు పిలవగానే నా గుండె మువ్వలకంటే గట్టిగా మోగింది. ఆ రోజు మాకు బహుమతి రాలేదు. అయినా ఇంటికి వచ్చేదాకా నేను ఆ జత గురించే మాట్లాడానని మా అమ్మ చాలా ఏళ్లు చెప్పేది.

ఈ పోటీ చూడనివాళ్లకు రెండు మాటలు. ఎద్దుల్ని పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. పశువుకు పై దవడ ముందుభాగంలో పళ్లుండవు. కింది దవడలో పాలపళ్లు ఊడి, శాశ్వతమైన పళ్లు జతలు జతలుగా వస్తాయి. రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి జత, ఐదేళ్లు వచ్చేసరికి ఎనిమిది పళ్లూ నిండుతాయి. అందుకే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు అని వేరువేరుగా కడతారు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో బరి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి, ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పెద్ద బరుల్లో దిగేవి ఎక్కువగా ఒంగోలు జాతి ఎద్దులు. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు వాటి గుర్తుగా 'వీర' అనే ఒంగోలు గిత్తను పెట్టారు. ఆ బొమ్మ పేపర్లో పడిన రోజు పెద్దనాయిన దాన్ని కత్తిరించి కొట్టం గోడకు అంటించాడు.

చిన్నప్పుడు నేను అందరిలాగే బండనే చూసేవాణ్ని. బండ కదిలితే అరిచేవాణ్ని, ఆగితే ఉసూరుమనేవాణ్ని. ఒకసారి ఆయన నా తల పట్టి బరి చివరకు తిప్పాడు. "బండను జూడకు బిడ్డా. మలుపుకాడ జూడు. దాపటెద్దు ఏం జేస్తున్నదో జూడు" అన్నాడు.

చూశాను. బరి చివర జత ఎడమకు తిరుగుతోంది. దాపటెద్దు, అంటే ఎడమ పక్కది, లోపలి వైపు ఉంది. దానికి నాలుగడుగులు చాలు. వలపటెద్దు బయటి నుంచి చుట్టు తిరిగి రావాలి, దానికి పది అడుగులు. లోపలిది తొందరపడిందంటే కాడి వంకరవుతుంది, బరువంతా బయటి దాని మెడ మీద పడుతుంది, బండ అడ్డం తిరిగి నేలలో దిగబడుతుంది. ఆ రోజు దాపటెద్దు ముందు కాళ్లు మట్టిలో తొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి, చెవులు వెనక్కి వాల్చి నిలబడింది. పక్కది తన వరసకు వచ్చి మెడ కలిపేదాకా అడుగు వేయలేదు. మెడలు కలిశాక రెండూ ఒక్కసారే వంగాయి. బండ చప్పుడు చేయకుండా తిరిగింది.

"గుంజుడు అన్ని ఎద్దులకొస్తది. ఆగుడు కొన్నిటికే వస్తది" అన్నాడు పెద్దనాయిన. ఆ తర్వాత నేను ఏ బరిలోనూ బండను చూడలేదు.

ఆయన దగ్గర అట్ట నోటుబుక్కులు ఉన్నాయి. ఐదో తరగతి దాకా చదువుకున్న చేతి రాత, పెద్ద పెద్ద అక్షరాలు. ఏ జాతర, ఎద్దుల రంగు, పళ్లు, ఎన్ని అడుగులు లాగాయి, చివర ఒక మాట. "మలుపు మంచిది." "ఎండకు ఓర్వదు." "దాపటిది తొందర." మల్దకల్ తిమ్మప్ప జాతరకు పోయినా, పక్క ఊరి చిన్న బరికి పోయినా ఆ బుక్కు చంకలో ఉండాల్సిందే. అందులో గెలిచిన జతలకు ఒక్క వరస ఉంటే, ఓడిన జతలకు మూడు వరసలు ఉంటాయి. ఎందుకని అడిగితే, గెలిచినదాన్ని ఊరంతా యాదుంచుకుంటుంది, ఓడినదాన్ని ఎవరు యాదుంచుకోవాలి అన్నాడు.

ఆ రాతల విలువ నేను పెబ్బేరు సంతలో చూశాను. ఒక శనివారం ఒక రైతు తన జతను అమ్మడానికి కట్టేశాడు. రెండేళ్లుగా ఆ జత ఏ బరిలోనూ పైకి రాలేదు. విసుగొచ్చి తక్కువ ధరకే ఇచ్చేద్దామనుకున్నాడు. పెద్దనాయిన బుక్కు తెరిచి పాత వరస వెతికాడు. "ఎద్దులది తప్పు గాదు తమ్మీ, పక్కలది తప్పు. దాపటిదాన్ని వలపటికి కట్టి పదిహేను దినాలు మడక దున్ని జూడు, కుదరకుంటే అమ్ముకో" అన్నాడు. ఆ రైతు పలుపులు విప్పుకొని ఇంటికి తోలుకుపోయాడు. మరుసటి ఏడు అదే జత మా జతను దాటి ముందు నిలిచింది. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరికంటే సంతోషంగా ఉన్నది పెద్దనాయినే. ఆ ఆనందం నటన కాదు. బుక్కులో ఆ జతకు మొదటిసారి ఒక్క వరసే రాశాడు.

ఇంకో కాడి గురించి చెప్పకపోతే ఈ అభినందన సగమే. యాభై ఏళ్లుగా కోడి కూయకముందే లేచి ఉలవలు ఉడకబెట్టింది మా పెద్దమ్మ. ఉడికిన ఉలవలు చేత్తో నలిపి చూసి, వేడి తగ్గాకే తొట్టిలో పోసేది. కాలువలో ఈత కొట్టించి తెచ్చిన ఎద్దుల ఒళ్లు గడ్డితో తుడిచేది. కాళ్ల గిట్టల మధ్య రాయి ఇరికిందేమో వేలితో వెతికేది. పోటీ రోజు మాత్రం బరి దగ్గరకు వచ్చేది కాదు. కొట్టం గుంజకు ఆనుకొని కూర్చొని, దూరం నుంచి వచ్చే అరుపులను బట్టే జత ఎక్కడుందో చెప్పేది. మోకు పట్టి యాభై ఏళ్లయినా పెద్దనాయిన ముల్లుకర్ర ముట్టలేదంటే, అది ఆమె పెట్టిన షరతు. కాడి దించగానే ఆయన ముందుగా తడిమేది ఎద్దు మెడనే. ఇంటికి వచ్చాక ఆమె మళ్లీ తడిమి చూస్తుందని ఆయనకు తెలుసు.

కాలం చాలా మారింది. జూరాల కాలువ నీళ్లొచ్చాయి, భీమా ఎత్తిపోతలతో రంగసముద్రం నిండింది, 2016 అక్టోబర్ 11న వనపర్తి జిల్లా అయింది, మన ఊరు మండలమైంది. జొన్న, ఆముదం పండిన చెలకల్లో వరి పచ్చగా నిలిచింది. ఆ పచ్చదనానికి మనమంతా దండం పెట్టాలి. వరితో పాటు ట్రాక్టరూ కోత మిషనూ వచ్చాయి, కొట్టాలు ఖాళీ అయ్యాయి. పని కోసం ఎద్దును సాకే ఇల్లు ఇప్పుడు వెతికితే గాని దొరకదు. ఇష్టం కోసం సాకేవాళ్లే మిగిలారు. వాళ్లందరికీ పెద్ద మా పెద్దనాయిన.

మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది. అక్కడికి పోయినప్పుడు ఒక సాయంత్రం బెల్ వ్యూ జట్టు స్పీడ్‌వే పందెం చూపించింది. బ్రేకులు లేని, ఒకటే గేరున్న మోటారు సైకిళ్లు. మట్టి బరి. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, నిమిషం పైచిలుకులో పందెం ముగుస్తుంది. అన్ని మలుపులూ ఎడమకే. లండన్ పక్కన హైబీచ్‌లో 1928 ఫిబ్రవరి 19న జరిగిన పందెంతో బ్రిటన్‌లో ఈ ఆటకు ఊపు వచ్చింది. ట్రాక్టరుతో మట్టి చదును చేస్తుంటే ఆ వాసనకు నాకు మన జాతర యాదికొచ్చింది. నా పక్కన ఒక ముసలాయన ఒళ్లో కాగితం పెట్టుకొని, ప్రతి పందెం అయ్యాక పెన్సిలుతో పాయింట్లు రాసుకుంటున్నాడు. 1987లో మూసేసిన ఆ జట్టు పాత హైడ్ రోడ్డు మైదానం గురించి, 1955లో, 1962లో ప్రపంచ విజేతగా నిలిచి, ఆ మరుసటి ఏడే పందెంలో పడి చనిపోయిన పీటర్ క్రేవెన్ గురించి చెబుతుంటే ఆయన గొంతు వణికింది. మా అమ్మాయి నాకు తెలుగులో చెబుతూ తనూ కళ్లు తుడుచుకుంది. ఏడు సముద్రాల అవతల నా పెద్దనాయిన కూర్చొని ఉన్నట్టే అనిపించింది.

ఆ ఆటలో ఒక్కో పందెంలో ఒక్కో జట్టు నుంచి ఇద్దరు దిగుతారు. మొదటివానికి 3 పాయింట్లు, రెండోవానికి 2, మూడోవానికి 1, చివరివానికి సున్న. ఇద్దరూ ముందు నిలిస్తే ఐదు ఒక జట్టుకే. అందుకని ముందున్నవాడు వేగం కాస్త తగ్గించి, వెనకవాణ్ని పక్కకు తెచ్చుకొని, ఇద్దరూ భుజం భుజం కలిపి మలుపు తిరుగుతారు. ఊరికి వచ్చి ఇదంతా పెద్దనాయినకు చెప్పాను. ఎంత జోరుగా పోతాయి, ధర ఎంత అని అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే: "మరి జోడు కుదిరిందా?"

కుదిరింది పెద్దనాయినా. అక్కడా కుదిరింది, మీ ఇంట్లో యాభై ఏళ్లుగా కుదిరే ఉంది.

రథోత్సవం మరునాడు బరి దగ్గర జరిగే సన్మానంలో పీటలు రెండు వేయమని కమిటీ పెద్దలను బతిమాలుకున్నాను. పెద్దమ్మ ఇన్నేళ్లకు తొలిసారి బరి దగ్గరకు వస్తానంది. శాలువా ఊరివాళ్లు కప్పుతారు. నా వంతుగా ఒక కొత్త అట్ట నోటుబుక్కు తెచ్చాను. అందులో నేను ఏమీ రాయలేదు. ఈ ఏడు చివరగా నిలిచే జతకు మూడు వరసలు రాయాల్సింది మీరే. మీ చేయి ఆడినంత కాలం మా కళ్లు మలుపు మీదే ఉంటాయి. రంగనాయకస్వామి మీ ఇద్దరినీ, మీ కొట్టాన్నీ చల్లగా చూడాలి. మా అందరి తల మీద మీ చేతులుండాలి.