హైమన్‌డార్ఫ్ నేర్పిన పాఠం

పోయినేడు మిత్రులతో కలిసి లాంచిలో పాపికొండలకు వెళ్ళాను. ఒడ్డున కొండరెడ్ల పాకలు కనబడగానే, ఆదిమానవులంటే వీళ్ళేరా అని మాలో ఒకడు నవ్వాడు. నేనూ నవ్వాను. తిరిగొచ్చాక లైబ్రరీలో 1945లో అచ్చయిన ఒక గ్రంథం చేతికి తగిలింది. అది ఆ కొండల రెడ్ల గురించే.

రచయిత క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టారు. మానవశాస్త్రం చదివి 1936లో నాగా కొండలకు వచ్చారు. 1939లో రెండోసారి ఇండియా వచ్చేసరికి యుద్ధం వచ్చిపడింది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్న పాపానికి శత్రుదేశస్థుడనిపించుకొని, నైజాం సంస్థానం దాటకుండా ఉండవలసి వచ్చింది. ఆ నిర్బంధమే మనకు మేలు చేసింది.

1940లో భార్య బెట్టీతో అమ్రాబాదు పీఠభూమి మీది చెంచుల మధ్యకు వెళ్ళారు. విల్లమ్ములున్నా చెంచులకు మాంసం దొరికేది అరుదే. ఆడా మగా రోజూ త్రవ్వి తెచ్చుకొనే గడ్డలు, ఏరుకొనే పళ్ళు, తేనె, ఇవే ఆధారం. దాచుకొనేది తక్కువ గనుక ఒకడు దొర, ఒకడు కూలీ అన్న తేడా లేదు. ఆడవాళ్ళ మాటకు విలువ ఉండేది. వ్యవసాయానికి ముందు మనిషి బ్రతుకు ఎలా ఉండేదో యిక్కడ కొంత ఊహించవచ్చు. కొంతే సుమా! వాళ్ళ త్రవ్వుకర్రకు ఇనుప మొన ఉంది, ఆ ఇనుము పల్లం నుంచి వచ్చిందే. మాట్లాడేది తెలుగే. రాతియుగంలో ఆగిపోయినవాళ్ళు కారు, మనతోపాటు కాలంలో నడిచి వచ్చినవాళ్ళే.

తర్వాత మన గోదావరి కొండల రెడ్లను చూశారు. పోడు కొట్టి జొన్న పండించినా, గింజలు అయిపోయిన నెలల్లో వాళ్ళకూ అడవి గడ్డలు, మామిడి జీడి, జీలుగు కల్లే దిక్కు. సేద్యం నేర్చినా అడవిని వదలలేదన్నమాట. కలప వర్తకుల అప్పుల్లో వాళ్ళు చిక్కుకున్న సంగతీ రాశారు.

రాసి ఊరుకోలేదు. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకున్నారు. ఉస్మానియాలోనూ, ఆ తర్వాత లండన్‌లోనూ ఆచార్యులయ్యారు. 1987లో బెట్టీ హైదరాబాదులో మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన ఆయన అస్థికలు కూడా తర్వాత ఆమె ప్రక్కకే చేరాయి.

పోలవరం జలాశయంలో మునిగే ఊళ్ళలో కొండరెడ్ల ఊళ్ళూ ఉన్నాయి. ఏ చెట్టు మొదట్లో ఏ గడ్డ ఊరుతుందో తెలిసిన మనిషికి కాలనీలో ఇల్లిస్తే, ఆ తెలివి ఏమైపోవాలి? ఈసారి లాంచి ఎక్కితే నేను మాత్రం నవ్వను.