పూర్తి రుజువు కోసం ఆగి ఉంటే?

డేటా ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నారా? అయితే జాన్ స్నో గురించి తెలుసుకోండి. 1813లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఓ కూలీ ఇంట్లో పుట్టాడు. 14 ఏళ్లకే ఓ వైద్యుడి దగ్గర పనిలో చేరి, తర్వాత డాక్టరయ్యాడు.

1854 ఆగస్టు చివర్లో లండన్‌లోని సోహోలో కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. చెడుగాలి వల్లే కలరా వస్తుందని అప్పటి పెద్ద డాక్టర్ల నమ్మకం. స్నో అనుమానం మాత్రం నీళ్ల మీద. ఇంటింటికీ తిరిగి లెక్క తీస్తే, చావులు ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్ బోరింగు చుట్టూనే తేలాయి. మైక్రోస్కోప్‌లో గట్టి ఆధారం దొరకలేదు. అయినా సెప్టెంబరు 7న స్థానిక అధికారుల ముందు లెక్కలు పెట్టాడు. వాళ్లకు పూర్తి నమ్మకం కుదరకపోయినా మర్నాడే బోరింగు హ్యాండిల్ తీయించారు.

అప్పటికే కలరా తగ్గుముఖం పట్టింది. కాబట్టి ఆ పని ఎంతమందిని కాపాడిందో తేల్చి చెప్పలేం. కానీ స్నో లెక్క తప్పయితే జనం నాలుగడుగులు ఎక్కువ నడిచి నీళ్లు తెచ్చుకుంటారు, అంతే. నిజమైతే పోయేవి ప్రాణాలు. ఆయన 1858లో, 45 ఏళ్లకే చనిపోయాడు. రాబర్ట్ కోచ్ కలరా క్రిమిని విడిగా పెంచి చూపింది 1884లో, మన కలకత్తాలో!

వాతావరణ మార్పు సంగతీ ఇంతే. గాల్లో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి రెండున్నర డిగ్రీలు వేడెక్కుతుందా, నాలుగా అన్నది ఇంకా తేలలేదు. వేడెక్కుతోందని, బొగ్గు, పెట్రోలు మండించడమే ప్రధాన కారణమని మాత్రం తేలిపోయింది. స్నో దగ్గర ఇంత ఆధారం కూడా లేదు.

రేపు ఉద్యోగంలో మీకూ సగం డేటానే దొరకొచ్చు. అప్పుడు రెండు లెక్కలు వేయండి: చేసి తప్పయితే ఎంత నష్టం? చేయకుండా ఊరుకుంటే ఎంత?