ఆండర్సన్ దొర రైఫిల్

సావనీర్‌కి ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, మాస్టర్ల గురించి ఎలాగూ అందరూ రాస్తారు, నేను మన లైబ్రరీ బీరువాలో పరిచయమైన ఒక దొర గురించి రాస్తానన్నాను. ఆయనకూ మన స్కూలుకూ ఆ బీరువా తప్ప వేరే సంబంధం లేదు.

ఎనిమిదో తరగతిలో, వాన పడి ఆటల పీరియడు పోయిన ఒక సాయంత్రం మన ఇంగ్లీషు మాస్టారు అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చి అందులో కథ తెలుగులో చెప్పారు. నైజాం వైపు నుంచి వచ్చిన పెద్దపులి ఒకటి మనుషుల్ని తింటూ గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల చుట్టూ తిరుగుతుంటే, దాన్ని కొట్టడానికి బెంగుళూరు నుంచి వచ్చిన వేటగాడి కథ. దిగువమెట్ట అనగానే క్లాసంతా కదిలింది. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే మీటరుగేజి బండిలో ఆ స్టేషన్ దాటిన వాళ్లు మాలో చాలామందే ఉన్నారు. కథ సగంలో ఉండగా గంట కొట్టేశారు. మిగతాది నువ్వే చదువుకోరా అని మాస్టారు పుస్తకం నా చేతిలో పెట్టారు. నా ఇంగ్లీషు అక్కడ మొదలైంది.

ఆ వేటగాడు కెన్నెత్ ఆండర్సన్. ఆరు తరాలుగా ఇండియాలో స్థిరపడిన స్కాట్లండు కుటుంబం. 1910 మార్చి 8న పుట్టింది హైదరాబాద్ పక్కన బొల్లారంలోనే. చదువంతా బెంగుళూరు, బిషప్ కాటన్ స్కూల్లో, సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో. తండ్రి సైనికుల జీతాల లెక్కలు చూసే ఉద్యోగి. కొడుకు లాయరవుతాడని ఎడింబరో పంపిస్తే, ఆ చదువు మధ్యలో వదిలేసి తిరిగొచ్చేశాడు. పోస్టులు, టెలిగ్రాఫుల శాఖలో పదిహేనేళ్లు చేశాడు. తర్వాత బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో ప్లానింగ్ చూసే మేనేజరయ్యాడు. రాజా కాదు, జమీందారూ కాదు. సెలవు పెట్టి అడవికి పోయి, సెలవు అయిపోతే పులి దొరక్కపోయినా డ్యూటీకి తిరిగొచ్చిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి ఆ ఇబ్బంది నాకు బాగా అర్థమవుతుంది.

ఆయన ఎక్కువగా వాడింది 405 వించెస్టర్, 1895 మోడల్. దాన్ని నేను మొదటిసారి చేత్తో పట్టుకున్నది ఐదారేళ్ల క్రితం, హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో. ఆయనకు పాత వేట తుపాకులంటే ప్రాణం. 1980ల తర్వాత విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోవడంతో, పెద్దల నుంచి వారసత్వంగా వచ్చిన వాటికి గిరాకీ పెరిగింది. 2019లో చట్టం మార్చి ఒక లైసెన్సు మీద రెండే ఉండాలన్నారు. దాంతో మనవాడు మూడోది వదులుకుని నెల రోజులు అన్నం సరిగా తినలేదు.

పోగుచేసేవాళ్లు ప్రాణం పెట్టేది లండన్‌లో కొలతలిచ్చి చేయించుకున్న వాటికి. దర్జీ కోటు కుట్టినట్టు చెయ్యి పొడవు, మెడ ఎత్తు, భుజం వెడల్పు చూసి వాల్‌నట్ చెక్కతో మడమ చెక్కుతారు. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ రిగ్బీ కంపెనీది. 2015లో ఆ కంపెనీయే దాన్ని మళ్లీ కొనుక్కుంది. ఆండర్సన్‌ది అలాంటిది కాదు, అమెరికాలో ఫ్యాక్టరీ లైను మీద తయారైన మామూలు సరుకు. కానీ ఇంజనీరు కంటితో చూస్తే ముచ్చటేస్తుంది.

అంతకుముందు వించెస్టర్లలో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండేవి. మొన సూదిగా ఉన్న గుండు వాడితే, అది ముందు తూటా వెనక ఉండే మందుబిళ్లకు ఆనుకుంటుంది. గట్టిగా కుదిపితే లోపలే పేలొచ్చు. అందుకని మొన చదునుగా ఉన్నవే వాడాలి. జాన్ బ్రౌనింగ్ 1895లో ఆ గొట్టం తీసేసి, ట్రిగ్గరు ముందు పెట్టె పెట్టి తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అంతే మార్పు. 405 గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే పందొమ్మిది గ్రాముల పైన. సెకనుకు 2,200 అడుగుల వేగం. పేలిస్తే భుజం వాచిపోతుందట. రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకెళ్లింది కూడా ఇదే.

లీవరు కిందికి లాగి పైకి తెస్తుంటే, మా తాతయ్య గుర్తొచ్చాడు.

వినుకొండ వైపు మా ఊళ్లో పంట కాపలాకు ఆయనకొక లైసెన్సు తుపాకీ ఉండేది, ఒంటి గొట్టంది. మిరపతోట పక్కన జొన్నచేలో పందులు పడేవి. ఒక రాత్రి మంచె మీంచి కాల్చాడు. పందికి తగిలింది, కాని పడలేదు. చీకట్లో వెతకడం ఎందుకులే, తెల్లారాక చూద్దామని వచ్చి పడుకున్నాడు. తెల్లారకముందే మిరపకాయల కోతకు వెళ్లిన కూలామె మీదికి అది తుప్పలోంచి దూకి తొడ చీల్చింది. ఆమె బతికింది, కానీ ఉన్నన్నాళ్లూ కుంటుతూనే నడిచింది. తాతయ్య మళ్లీ తుపాకీ ముట్టుకోలేదు. ఏటా పండక్కి ఆమె ఇంటికి తనే బియ్యం మోసుకెళ్లేవాడు, మమ్మల్ని మొయ్యనిచ్చేవాడు కాదు.

ఇదంతా నాకు ఆరేడేళ్లప్పుడు. తర్వాత ఆండర్సన్‌ని చదువుతుంటే పులి కన్నా ఎక్కువ భయపెట్టింది ఇదే సంగతి. మనుషుల్ని తినే పులి చాలాసార్లు పుట్టుకతో అలాంటిది కాదు, ఎవడో గాయపరిచి వదిలేసింది. జౌలగిరి ఆడపులి కథలో దానికి తగిలింది ఒక వేటగాడి గుండే. కుంటుతున్న పులికి జింక దొరకదు, మనిషి దొరుకుతాడు. అందుకే ఆయన గాయపడిన జంతువును వదలకూడదని పట్టుబట్టేవాడు. తన గురి తప్పినప్పుడు కూడా దాచకుండా రాసుకున్నాడు. వేటగాళ్లలో అది అరుదు. 1939 నుంచి 1966 వరకు ఆయన చంపిన నరభక్షకాలు 8 చిరుతలు, 7 పెద్దపులులు అని ప్రభుత్వ రికార్డు. గుమ్మలాపురం చిరుత ఒక్కటే 42 మందిని చంపిందని ఆయన రాశాడు. అన్నీ అక్షరాలా జరిగాయా అని సందేహపడేవాళ్లూ ఉన్నారు. చాలా వరకు ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద రాసినవే. కొంత మసాలా పడే ఉంటుందని నేనూ అనుకుంటాను.

మొదటి పుస్తకం 1954లో వచ్చేనాటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. పోనుపోను తుపాకీ కన్నా కెమెరా మీద మనసు పడింది. అడవి తరిగిపోతోందని ప్రతి పుస్తకంలోనూ బాధపడ్డాడు. 1970లో పులివేట నిషేధం, 1972లో వన్యప్రాణి చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ ఆయన కళ్ల ముందే వచ్చాయి. 1974 ఆగస్టు 30న బెంగుళూరులో కాన్సర్‌తో పోయాడు. ఆయన పులిని వెతికిన గిద్దలూరు తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లా, 1970లో మన ప్రకాశంలో కలిసింది. నల్లమలలో ఇప్పుడున్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వు.

హైదరాబాద్ స్నేహితుడు ఆ వించెస్టర్‌ను నాకే అమ్ముతానన్నాడు, లైసెన్సు సంగతి తను చూసుకుంటానన్నాడు. లీవరు ఇంకోసారి ఆడించి, ఆయన చేతికే ఇచ్చేశాను. మా తాతయ్య తుపాకీని ఆయన పోయాక స్టేషన్లో అప్పజెప్పినప్పుడు ఇచ్చిన రసీదు మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

పోయిన సంక్రాంతికి గుంటూరు నుంచి నంద్యాల వెళ్తున్నాం. గిద్దలూరు దాటి బండి అడవిలోకి దిగుతుంటే మావాడు ఫోన్ చూసుకుంటున్నాడు. భుజం తట్టి, ఇది దిగువమెట్టరా అని కథ మొదలుపెట్టాను. నంద్యాల వచ్చేసరికి సగమే అయింది. దిగేటప్పుడు ఆ పుస్తకం పేరేంటి నాన్నా అని అడిగాడు.