వజీఫా పోగొట్టుకున్న విద్యార్థి: శ్రీనివాస రామానుజన్

ప్రతి ఏటా వేసవి సెలవులు ముగిసే రోజుల్లో మన సంఘం ఆఫీసుకు దరఖాస్తు ఫారాలు పట్టుకొని పిల్లలు వస్తుంటారు. డిగ్రీ అయినవారు, ఎం.ఎస్సీ. లెక్కల్లో చేరాలని ఆశపడేవారు కూడా వారిలో ఉంటారు. మేము ముందుగా చూసేది మార్కుల పట్టీ. ఒక్క సబ్జెక్టు తప్పి ఉంటే ఆ ఫారం అడుగుకు పోతుంది. లెక్కలు మంచినీళ్ళలా తాగి, ఇంగ్లీషు పేపరు దగ్గర బోర్లాపడే పిల్లలను ఉర్దూ మీడియం ఉపాధ్యాయులమైన మేము బాగా ఎరుగుదుము. అందుకే ఈ సంచికలో రామానుజన్ గారి జీవితాన్ని, వజీఫాల కోణం నుంచి, సభ్యుల ముందు ఉంచుతున్నాము.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టారు, కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా, నెలకు సుమారు 20 రూపాయల జీతం. హైస్కూలులో ఉండగానే కార్ అనే ఇంగ్లీషువాడు రాసిన గణిత గ్రంథం చేతికి చిక్కింది. వేలకొద్దీ సూత్రాలున్న ఆ పుస్తకమే ఆయనకు గురువయింది. 1904లో మెట్రిక్ ప్యాసై, స్కాలర్‌షిప్పుతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు.

అక్కడే కథ అడ్డం తిరిగింది. రాత్రింబవళ్ళు లెక్కలే, మిగతా సబ్జెక్టులు గాలికి వదిలేశారు. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పారు, స్కాలర్‌షిప్పు కాస్తా పోయింది. జీతం కట్టే స్తోమత ఇంట్లో లేదు. 1905లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు వెతికించుకోవలసి వచ్చింది. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరారు గాని జబ్బుపడ్డారు. 1907లో ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చొని మళ్ళీ తప్పారు. ఎఫ్.ఏ. అంటే తర్వాతి రోజుల ఇంటర్మీడియట్ వంటిది. అదీ గట్టెక్కలేదు.

1910 చివర్లో, నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు గారిని కలిశారు. ఆయన అప్పుడు నెల్లూరు కలెక్టరు, గణితమంటే ప్రీతి ఉన్నవారు. పట్టా ఏదని పట్టుబట్టలేదు. కుర్రవాడి లెక్కలు విని, కొంతకాలం నెలకు 25 రూపాయలు సొంత జేబులోంచి ఇచ్చారు. ఊరికే ఒకరి సొమ్ము తినడం రామానుజన్‌కు మనస్కరించలేదు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టుకు గుమాస్తా పనికోసం అర్జీ పెట్టుకున్నారు. చదువు ఎఫ్.ఏ. దగ్గర ఆగిపోయిందని అందులో దాచకుండా రాశారు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుని సిఫారసు జతపరిచారు. నెలకు 30 రూపాయల ఉద్యోగం దొరికింది.

1913 జనవరి 16న కేంబ్రిడ్జి పండితుడు హార్డీకి ఉత్తరం రాశారు. అంతకుముందు అక్కడి ఇద్దరు పెద్దలకు రాస్తే లాభం లేకపోయింది. ఈ ఉత్తరంలోనూ తనకు పట్టా లేదని, చిన్న జీతం గుమాస్తానని చెప్పుకొన్నారు, వెంట పేజీలకు పేజీలు సిద్ధాంతాలు పంపారు. హార్డీ బదులు రాశారు. ఈలోగా వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ కూడా మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు చేశారు. పట్టా లేనివాడికి రీసెర్చి స్కాలర్‌షిప్పా అనే అభ్యంతరం ఉండనే ఉంది. అయినా విశ్వవిద్యాలయం నిబంధనను సడలించి, 1913 మే నుంచి నెలకు 75 రూపాయలు మంజూరు చేసింది. మూడు నెలలకొకసారి చేసిన పనికి నివేదిక ఇవ్వాలన్నది షరతు. మరుసటి ఏడు విదేశ ప్రయాణానికి ఖర్చులు గాక సాలుకు 250 పౌన్లు ఇచ్చింది. ఇంట్లోవారి పోషణకు అందులోంచి నెలనెలా 60 రూపాయలు పంపే ఏర్పాటు చేసుకొని, 1914 మార్చి 17న ఆయన ఓడ ఎక్కారు.

ఎఫ్.ఏ. తప్పిన ఆ మనిషికి 1916లో కేంబ్రిడ్జి పరిశోధన మీద బి.ఏ. పట్టా ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, అదే ఏడు ట్రినిటీ కళాశాల ఫెలో కూడా అయ్యారు. కాని ఆరోగ్యం చెడిపోయింది. 1919లో స్వదేశం వచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయస్సు 32 ఏళ్ళే.

ఇక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1918 చివర్లో, ఇంగ్లండులో జబ్బుతో ఉండగానే, మద్రాసు విశ్వవిద్యాలయం మళ్ళీ సాలుకు 250 పౌన్లు ఇవ్వ నిశ్చయించింది. అంత సొమ్ము తనకు అక్కర్లేదని ఆయన జవాబు రాశారు. తల్లిదండ్రులకు ఏటా 50 పౌన్లు ఇచ్చి, తన ఖర్చులు పోగా మిగిలినది బీద పిల్లల, అనాథల బడి జీతాలు తగ్గించడానికీ, బడులకు పుస్తకాలు కొనడానికీ వాడమని కోరారు. జీతం కట్టలేక కాలేజీ వదిలిన బాధ ఆయన మరిచిపోలేదన్నమాట.

కమిటీ పెద్దలకు మా మనవి ఇంతే. అడుగుకు పోయిన ఫారాలను ఈసారి మరొక్కసారి పైకి తీద్దాం. ఒక సబ్జెక్టు తప్పినా, ఒక సబ్జెక్టులో అసాధారణంగా ఉన్నవాణ్ణి పిలిపించి, ఆ సబ్జెక్టు తెలిసిన మాస్టరు చేత మాట్లాడిద్దాం. తప్పిన పేపరుకు సాయంకాలం ట్యూషన్ చెప్పడానికి ఉపాధ్యాయులమైన మేము సిద్ధం. వజీఫా అందుకొన్న పిల్లలు కూడా, రేపు ఉద్యోగం దొరికాక, మరొక పిల్లవాడి ఫీజు సంగతి గుర్తుంచుకోవాలి.