లియొనార్డు హొవెలు

పరాధీనజాతికి దైవమును సయితము పాలకుల రూపముననే కొలువవలసి వచ్చుట దాస్యములలో నెల్ల ఘోరమైనది. ఆ సంకెల తెంచబూనిన ధీరుడు జమైకా ద్వీపవాసి లియొనార్డు హొవెలు.

1898లో జనించిన యీతడు అమెరికాలో చిరకాలము వసించి 1932లో స్వదేశమునకు మరలెను. అంతకు రెండేండ్లకు ముందు అబిసీనియాలో రాస్ తఫారి, హెయిలీ సెలాసీ యను నామముతో చక్రవర్తి యయ్యెను. బానిసల సంతతివారగు నల్లవారికి ఆయనయే అవతారపురుషుడనియు, ఆఫ్రికాయే పుణ్యభూమియనియు హొవెలు బోధించెను. మతమునకు రాస్తఫారి యను పేరు నిలిచెను. ఆంగ్లప్రభుత్వ మూరకుండునా? 1934లో రాజద్రోహనేరము మోపి రెండేండ్లు చెరసాల విధించెను. 1908లో మన తిలకు మహాశయునిపై ప్రయోగించిన యాయుధమే యిది.

హొవెలు తన గ్రంథమును గంగన్‌గురు మరాగ్ అను భారతీయచ్ఛాయగల నామమున ప్రకటించెను. 1845 మొదలుకొని కూలీలుగా ఆ దీవికి పోయిన మనవారి సాంగత్యఫల మది. గంజా యను మాటయు వారి వెంటనే అచటికి చేరెను.

1940లో నతడు పినకిల్ అను కొండపై అనుచరులతో నొక గ్రామమును నెలకొల్పెను. 1954లో పోలీసులు దానిని నేలమట్టము గావించిరి. 1981లో హొవెలు గతించెను.

వారి జడలును, సింహచిహ్నమును, ఎరుపు పసుపు ఆకుపచ్చ వన్నెలును నేడు లోకమెల్ల నెరుగును. కదిరి నరసింహునికి మ్రొక్కు మనకు సింహరూపము వింతగాదు. చక్రవర్తిని దేవుడనుట మన కంగీకారము గాకపోవచ్చును. తన జాతి రూపమున దైవమును దర్శింపగోరుట మాత్రము మానవుని జన్మహక్కు.