తక్కువ వాట్లు, పెద్ద గొంతు: జేమ్స్ లాన్సింగ్ కథ

ట్యూబ్ ఆంప్లిఫయర్ (మన పెద్దవాళ్ళ భాషలో వాల్వు సెట్టు) కొనుక్కున్న మిత్రులు తరచుగా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంత డబ్బు పోసి కొన్నాం, పాట మాత్రం నీరసంగా వస్తోంది, ట్యూబులు మార్చాలా అని. ట్యూబులు మార్చక్కర్లేదు, స్పీకర్లు మార్చండి అంటాను. ఏవి కొనమంటావు అని అడిగితే మాత్రం జవాబు కాస్త పొడుగవుతుంది. ఎందుకంటే అది 1949లో చనిపోయిన ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన పేరు జేమ్స్ బుల్లో లాన్సింగ్. జేబీఎల్ అన్న మూడక్షరాలు ఆయనవే.

ముందు చిన్న లెక్క చూద్దాం. నా దగ్గరున్న ఆంప్లిఫయర్‌లో 300బి అనే ట్యూబు ఒక్కో చానెల్‌కి ఒకటి ఉంటుంది. దాని నుంచి వచ్చేది మహా అయితే 8 వాట్లు. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా మోగుతుందన్నదే స్పీకర్ సామర్థ్యం, దాన్ని డెసిబెల్స్‌లో చెబుతారు. ఈనాటి చిన్న స్పీకర్లు చాలావరకు 85 నుంచి 88 మధ్యలో ఉంటాయి. లాన్సింగ్ కాలం నాటి మంచి స్పీకర్లు 100 దగ్గర ఉంటాయి. చూడ్డానికి తేడా పదమూడే, కానీ 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పదింతలు. అంటే 13కి ఇరవై రెట్లు. 100 డెసిబెల్స్ స్పీకర్‌తో నా 8 వాట్లు చేసే పని, 87 డెసిబెల్స్ స్పీకర్‌తో చేయించాలంటే 160 వాట్లు కావాలన్నమాట. ఇక ట్యూబులు మార్చి ఏం లాభం?

లాన్సింగ్ 1902 జనవరి 14న ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. అప్పుడు ఆయన పేరు జేమ్స్ మార్టిని. తండ్రి బొగ్గు గనుల్లో ఇంజినీరు, ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలు, వాళ్ళలో ఇతను తొమ్మిదో వాడు. పన్నెండేళ్ళ వయసులో సొంతంగా రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టాడనీ, దాని సిగ్నల్ నౌకాదళం వాళ్ళ రేడియో కేంద్రం దాకా పోతే వాళ్ళు వచ్చి విప్పించేశారనీ చెబుతారు. పెద్ద చదువులేమీ లేవు. కార్ల మెకానిక్ పని నేర్చుకున్నాడు. 1924లో తల్లి పోయాక ఇల్లు విడిచి సాల్ట్ లేక్ సిటీ చేరాడు. అక్కడే పెళ్ళయింది, అక్కడే కెన్ డెకర్ అనే వ్యాపార భాగస్వామి దొరికాడు.

1927లో ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టారు. జేమ్స్ మార్టిని అధికారికంగా జేమ్స్ బుల్లో లాన్సింగ్ అయింది ఆ సమయంలోనే. బుల్లో అన్నది చిన్నప్పుడు కొన్నాళ్ళు తను ఉన్న ఇంటివాళ్ళ పేరు. వెంకట సుబ్రహ్మణ్యం ఆఫీసులో 'వెంకీ' అయిపోవడం చూసిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. కాకపోతే ఆయన పెట్టుకున్న పేరు చివరికి ఆయన చేతిలో మిగల్లేదు. ఆ సంగతి తర్వాత.

మొదట్లో రేడియోలకు స్పీకర్లు చేసేవారు. ఇంతలో సినిమాకు మాటలొచ్చాయి. వేలమంది కూర్చునే హాళ్ళు, వాటిని నింపాల్సిన ఆంప్లిఫయర్లేమో పదో ఇరవయ్యో వాట్లవి. ట్యూబులతో అంతకంటే రాబట్టాలంటే ఖర్చు. కాబట్టి చేతిలో ఉన్న ప్రతి వాటునూ శబ్దంగా మార్చాల్సిన బాధ్యత స్పీకర్ మీద పడింది. ఎంజీఎం స్టూడియోలో డగ్లస్ షీరర్ ఆధ్వర్యంలో, జాన్ హిలియర్డ్ పర్యవేక్షణలో 1930ల మధ్యలో తయారైన షీరర్ హారన్ అలా పుట్టింది. దానికి డ్రైవర్లు చేసిచ్చింది లాన్సింగ్ కంపెనీ. ఆ వ్యవస్థకు 1936 సంవత్సరానికి ఆస్కార్ వాళ్ళ సాంకేతిక అవార్డు వచ్చింది, స్టూడియో పేరు మీద.

హారన్ ఎలా పనిచేస్తుందో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. జాతరలో వేపచెట్టుకు కట్టిన మైకు సెట్టు బ్యాటరీ మీద నడుస్తూ పక్క ఊరిదాకా వినిపించేది ఆ లోహపు బూర వల్లే. దోసిలి నోటి దగ్గర పెట్టుకుని పిలిస్తే కేక దూరం పోయినట్టు, చిన్న పొర కదలికను హారన్ వృథా కానివ్వకుండా గాలికి అప్పజెబుతుంది. లాన్సింగ్ ప్రత్యేకత మైకు సెట్టులో ఉండే గీర లేకుండా ఆ పని చేయించడం. వాయిస్ కాయిల్‌కు గుండ్రటి తీగ బదులు చదునైన లోహపు రిబ్బన్‌ను అంచు మీద నిలబెట్టి చుట్టేవాడు. మధ్యలో ఖాళీలు మిగలవు కాబట్టి అయస్కాంతం సందులో ఎక్కువ లోహం పడుతుంది. యంత్రాలు, పనివిధానాలు కూడా తనే తయారు చేసుకునేవాడు.

వ్యాపారం సంగతి చూసుకునే డెకర్ 1939లో విమాన ప్రమాదంలో పోయాడు. అక్కడినుంచి కంపెనీ దిగజారడం మొదలైంది. 1941 డిసెంబరులో ఆల్టెక్ సర్వీస్ కంపెనీ దాన్ని 50,000 డాలర్లకు కొనేసి ఆల్టెక్ లాన్సింగ్ అని పేరు పెట్టింది. లాన్సింగ్ ఇంజినీరింగ్ వైస్ ప్రెసిడెంట్‌గా ఐదేళ్ళు అక్కడే ఉన్నాడు. 604 డూప్లెక్స్, 1945లో వచ్చిన వాయిస్ ఆఫ్ ది థియేటర్ స్పీకర్లు ఆ ఐదేళ్ళ పంట. ఇవాళ ట్యూబ్ అభిమానులు వెతుక్కునే పేర్లలో ఈ రెండూ ముందుంటాయి. కాస్త పెద్ద హాలున్న ఇల్లయితే వాయిస్ ఆఫ్ ది థియేటర్‌లలో చిన్నదైన ఏ7 ఆలోచించవచ్చు. అపార్ట్‌మెంట్లో పెడితే మాత్రం సోఫా తీసేయాలి.

1946లో గడువు తీరగానే బయటికొచ్చి లాన్సింగ్ సౌండ్ అని కొత్త కంపెనీ పెట్టాడు. ఆ పేరు మాది అని ఆల్టెక్ అభ్యంతరం చెప్పింది. కంపెనీతో పాటు పేరు కూడా అమ్ముడుపోయింది మరి! చివరికి జేమ్స్ బి. లాన్సింగ్ సౌండ్ అని మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఇరుకులోనే డి130 అనే పదిహేను అంగుళాల స్పీకర్ చేశాడు. అందులో వాయిస్ కాయిల్ వ్యాసం నాలుగు అంగుళాలు, కోను స్పీకర్లలో అంతకు ముందు ఎవరూ అంత పెద్దది పెట్టలేదు. అయస్కాంతం ఆల్నికో 5. నాలుగైదు వాట్లకే ఇల్లు నిండుతుంది. నా దృష్టిలో ఆయన జీవితంలో చేసిన గొప్ప వస్తువు ఇదే, సినిమాహాలు హారన్లు కాదు.

కానీ వస్తువు చేయడం వేరు, అప్పులవాళ్ళకు సమాధానం చెప్పడం వేరు. మార్క్వార్ట్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టుబడి కొంతకాలం ఆదుకుంది, 1949లో ఆ కంపెనీయే చేతులు మారింది. సరుకు తెచ్చిన చోటల్లా బాకీలే. 1949 సెప్టెంబరులో, నలభై ఏడేళ్ళ వయసులో, శాన్ మార్కోస్‌లోని తన తోటలో లాన్సింగ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పేరున్న 10,000 డాలర్ల జీవిత బీమా కంపెనీకి చెందేట్టు రాసి ఉంది. ఆ డబ్బుతో కంపెనీ నిలబడింది. బిల్ థామస్ పగ్గాలు పట్టాడు, లాన్సింగ్ భార్య వాటా కూడా కొన్నాడు. పేరు గురించి ఆల్టెక్‌తో మళ్ళీ తగువు రావడంతో 1950ల మధ్యలో జేబీఎల్ అన్న పొట్టి పేరు వాడుకలోకి తెచ్చారు. లోకం అంతా ఇవాళ పలికే మూడక్షరాలకు అసలు కారణం ఆ తగువే. కంపెనీ 1969లో హర్మాన్ చేతికి, 2017లో హర్మాన్‌తో పాటు శాంసంగ్ చేతికి వెళ్ళింది.

ఇంత సామర్థ్యం ఆ తర్వాత ఏమైపోయిందంటే, అవసరం తీరిపోయింది. 1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1తో చిన్న పెట్టెలో కూడా లోతైన బేస్ వస్తుందని చూపించాడు. దానికి వాట్లు ఎక్కువ కావాలి. ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లను చవక చేశాయి. పెద్ద పెట్టెలు గ్యారేజీల్లోకి పోయాయి. ఇప్పుడు మనం వెతికేది ఆ గ్యారేజీల్లోనే.

డి130 దొరికితే ఏం చూడాలో చెబుతాను. 1970ల స్పీకర్ల అంచుల్లో ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది, వీటిలో ఫోమ్ లేదు కాబట్టి ఆ బెడద లేదు. కోను మీద రెండు చేతుల వేళ్ళూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకున్న చప్పుడు వస్తే వదిలేయండి. కోను మార్చారా అని అడగండి, మార్చినవి చెడ్డవి కావు గానీ ధర తగ్గాలి. ఆల్నికో గట్టి దెబ్బలకు బలం తగ్గుతుంది, అందుకే రెండూ ఒకే వాల్యూమ్‌లో మోగుతున్నాయో లేదో పక్కపక్కన పెట్టి వినాలి. 16 ఓములవైతే మీ ఆంప్లిఫయర్‌కు 16 ఓముల టెర్మినల్ ఉందో లేదో కూడా చూసుకోండి. పైస్థాయి శబ్దాలకు 075 అనే ట్వీటర్ జత చేయడం జేబీఎల్ వాళ్ళు తర్వాత చేసిన పనే, నేనూ అదే చేశాను. పెట్టె మాత్రం సగం ఫ్రిజ్ అంత ఉండాలి, అందులో రాజీ లేదు.

కొన్ని పాతవాటి వెనక జిమ్ లాన్సింగ్ సిగ్నేచర్ అన్న లేబుల్ ఉంటుంది. అవి ఎక్కువ పలుకుతాయి, ధరలో అన్నమాట. నా జత తర్వాతి కాలానిది, ఆ లేబుల్ లేదు. ఘంటసాల గొంతుకు ఆ తేడా తెలియలేదు.