కణం వాకిలి దగ్గర మన సుబ్బారావు గారు



ఈ నెల గోడపత్రికకు ఒక్కొక్కరు ఒక శాస్త్రవేత్త గురించి రాయాలని మా సైన్స్ మేడం చెప్పినారు. నాకు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు వచ్చినారు. ఆ పేరు నేను ముందు ఎప్పుడూ వినలేదు. చదివినాక తెలిసింది, ఆయన మనకు దూరం మనిషి కాదు. వారానికొకసారి అన్నం తిన్నాక మనకు నీలి మాత్ర ఇస్తారు కదా, దాంట్లో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది ఆయన నడిపించిన బృందమే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. నాయన జగన్నాథం, అమ్మ వెంకమ్మ. ఇంట్లో చాలా ఇబ్బంది. చిన్నప్పుడు ఆయన కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి బయలుదేరినాడంట. వాళ్ళమ్మ వెనక్కి పిలిపించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారికి పాసైనాడు. నాయన చనిపోయినాక అమ్మ నగలు అమ్మి చదివించింది. పోయిన యూనిట్ పరీక్షలో సైన్స్ తప్పి, బడి మానేసి అమ్మానాయనలతో సుగ్గికి పోతానని ఏడ్చినదాన్ని నేను. అందుకే ఈ సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆయన మద్రాసులో వైద్యం చదివేటప్పుడు గాంధీ గారి మాట విని ఖద్దరు బట్టతో కుట్టిన కోటు వేసుకున్నాడు. తెల్ల ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఆయనకు పెద్ద డిగ్రీ కాకుండా ఎల్.ఎం.ఎస్. అనే చిన్న డిగ్రీ ఇచ్చినారు. ఆ రోజుల్లోనే ఇంకో పెద్ద కష్టం వచ్చింది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలోనే పోయినారు. స్ప్రూ వస్తే విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు.

తిన్నది ఒంటికి ఎందుకు పట్టదు? ఇది మన తొమ్మిదో తరగతి కణం పాఠంలోనే ఉంది. ప్రతి కణం చుట్టూ ప్లాస్మా పొర ఉంటుంది. అది వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు ఉంటుంది. రెండు వరుసల కొవ్వు, దాని మధ్య మధ్య ప్రోటీన్లు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొవ్వు లోంచి అట్లే పోతాయి. చక్కెర, ఉప్పు, ఫోలిక్ ఆమ్లం లాంటివి మాత్రం ప్రోటీన్ వాకిళ్ళ గుండానే లోపలికి పోవాలి. మన బడి గేటు దగ్గర తాత ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో చూస్తాడు కదా, పొర కూడా అట్లాంటిదే. పేగు లోపలి కణాలు చెడిపోతే ఆ వాకిళ్ళు సరిగా పనిచేయవు. తిండి పేగులోనే ఉంటుంది, రక్తంలోకి పోదు. కడుపు నిండా తిన్నా కణానికి ఆకలే.

సుబ్బారావు గారికి 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. 1922లో ఆమెను ఇక్కడే వదిలి ఆయన అమెరికాలో బోస్టన్ చేరినాడు. మూడేళ్ళలో వస్తానని పోయినవాడు మళ్ళీ రానేలేదు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటా హార్వర్డులో చదివినాడు. 1925లో ఫిస్కే గారితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టినాడు. ప్లాస్మా పొర కొవ్వులో కూడా భాస్వరం ఉంటుంది. అదే 1925లో హాలండులో ఇద్దరు శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల కొవ్వు తీసి కొలిచి, పొర రెండు వరుసలని చెప్పినారు. ఇది చదివి నాకు భలే ఆశ్చర్యం అనిపించింది.

1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఏటీపీని కనుక్కున్నారు. జర్మనీలో లోమన్ గారు కూడా అదే సంవత్సరం వేరుగా కనుక్కున్నాడు. ఏటీపీ కణానికి చేతిలో రొక్కం లాంటిది. పొరలో ఒక పంపు ఉంటుంది. అది ఒక ఏటీపీ ఖర్చు పెట్టి మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. మన ఊరి బోరు మోటారుకు కరెంటు ఎట్లనో దీనికి ఏటీపీ అట్ల. ఆ పంపును 1957లో డెన్మార్కులో జెన్స్ స్కౌ గారు కనుక్కున్నారు, 1997లో నోబెల్ వచ్చింది. అది చూడడానికి సుబ్బారావు గారు లేరు.

హార్వర్డులో ఆయనకు పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి పోయినాడు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. అది స్ప్రూ జబ్బుకు మందు అయ్యింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది, కానీ వాళ్ళు లేరు. తర్వాత ఫోలిక్ ఆమ్లం పోలికతోనే ఉండే మందులు చేసినారు. అవి ఫోలిక్ ఆమ్లం పోయే వాకిలి గుండానే కణంలోకి పోయి, లోపల దాని పని ఆపుతాయి. రక్త క్యాన్సరు పిల్లలకు ఫార్బర్ అనే డాక్టరు అట్లాంటి మందు ఇస్తే కొంతకాలం జబ్బు తగ్గింది. బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన చోటు నుంచే వచ్చినాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్కు దగ్గర నిద్రలోనే ఆయన చనిపోయినారు. నోబెల్ రాలేదు. 1995లో మన దేశం ఆయన పేరు మీద తపాలా బిళ్ళ వేసింది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నీలి మాత్ర మింగితే కడుపులో తిప్పుతుందని నాలుక కింద దాచుకుని బయట ఊసేసేదాన్ని. ప్రార్థనలో రెండుసార్లు కళ్ళు తిరిగి కూర్చున్నాను. కొత్త రక్తకణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. వాకిలి తెరుచుకుని ఉన్నా లోపలికి పోవాల్సినదాన్ని నేనే పారేసినాను.

మా తండాలో అమ్మను యాడి అంటాం. మా యాడి ఇప్పుడు కడుపుతో ఉండి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయింది. ఆసుపత్రి అక్క ఇచ్చిన ఎర్ర మాత్రలు ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. అవీ ఇనుము, ఫోలిక్ ఆమ్లమే. యాడికి చదువు రాదు. అందుకే ఆదివారం ఫోనులో ఈ కథంతా మా భాషలో చెప్పినాను. అక్కడి ఆసుపత్రిలో అడిగి తీసుకుని, అన్నం తిన్నాక వేసుకోమన్నాను. సరేనంది. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతాను.

మీరు కూడా మాత్ర ఊసేయొద్దు. ఇంటికి ఫోను చేసినప్పుడు మీ అమ్మకు, వదినకు చెప్పండి. రెండుసార్లు తప్పిన అబ్బాయి ఇంత పని చేసినాడు. ఒక్కసారి తప్పిన నేను బడి మానను.

– 9వ తరగతి విద్యార్థిని, మద్దికెర